కూతల సందులో

అంపైరుకి వినబడేది కబడ్డీ కబడ్డీ ఒక్కటే.
గీత దాటాక, ఊపిరి తెగకుండా
రెండు కూతల సందులో
మల్లాడి ధర్మయ్య నాకోసం ఒక మాట ఇరికించేవాడు:
"డెక్క విరిగిన పీతా,
మీ అంతర్వేది రేవులో కిలో ఎంతరా నువ్వు?"

తొమ్మిది సీజన్లు.
వాడి చీలమండ దొరికిన రాత్రి
నేనూ తక్కువేం తినలేదు.
గుండెల మీద కూర్చుని
"యానాం బొమ్మిడాయీ, జారవేం?" అన్నాను.

నిన్న నరసాపురం ఫ్లడ్‌లైట్ల కింద
మోకాలికి పట్టీతో వచ్చాడు.
ఉత్త కూత.
సందుల్లో ఆయాసం తప్ప ఏమీ లేదు.

నా చేతులు ముందుకు రాలేదు.
"ఏరా, పోటు పోయి పాటొచ్చిందా?"

పళ్ళు కనిపించాయి.
"నీ డెక్క..." అనబోతే
కూత తెగింది.

పాయింటు మాకు.
మ్యాటు మీద పడి నవ్వుతున్నందుకు
ఇద్దరికీ ఆకుపచ్చ కార్డు చూపించారు.