లోపలి వైపు

ముందు నిప్పు పెట్టాలి, అంది జెనీవా పిన్ని.
నేనేమో సూదీ దారం తెచ్చుకున్నాను.

క్లామత్ నది ఒడ్డున, ఓర్లీన్స్‌కి ఎగువన
హేజెల్ పొదల్లో వంకర తిరిగిన ముసలి కొమ్మలు చూపించి
"ఇవి పొయ్యిలోకి, టోపీలోకి కాదు" అంది.
మా ముత్తాతకి ఇందుకే జరిమానా వేశారట,
అడవిని తగలబెట్టాడని.
"తగలబెట్టడమేమిటి? తల దువ్వాడు దానికి."

ఆకు రాలే రోజుల్లో పొదలు కాలాయి.
ఒక వసంతం ఊరికే చూసి వచ్చాం.
రెండో వసంతానికి నల్లటి నేలలోంచి
పక్క కొమ్మ లేకుండా, కణుపు లేకుండా
లేచి నిలబడ్డాయి పుల్లలు.
రసం ఎక్కే రోజుల్లోనే తొక్క ఊడుతుంది,
వారం ఆలస్యమైతే
చెట్టు చొక్కా విప్పనంటుంది.
పళ్లతో పట్టి లాగు, అంది.
చిగుళ్ల నిండా పసరు.

పడుగు హేజెల్.
పేక విల్లో వేరు, వరద కోసిన ఇసుకమేటలో
వేలాడుతూ దొరికేది.
తెలుపుకి ఎలుగుగడ్డి,
అదీ నిరుడు కాలిన కొండ మీద
ఈ ఏడు మొలిచిన లేత పరకే.
నలుపుకి ఫెర్న్ కాడ.
ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు,
గోటితో చీల్చి ఎరుపు పారేయాలి.
ఎరుపు కావాలంటే
ఇంకో లోయలో ఇంకో ఫెర్న్.

"ఎరుపు పారేసి ఎరుపు కోసం కొండ దిగడమేంటి పిన్నీ?"
"ఆ ఎరుపు పెళుసు. మీ మామయ్య మాటలాగా."

రెండో ఫెర్న్‌ని రాయితో దంచితే
లోపల రెండు నరాలు.
ఆల్డర్ బెరడు నమిలి
ఆ నోట్లోంచే వాటిని లాగాం.
సాయంత్రం కొట్టుకి పాలకోసం వెళ్తే
ఇద్దరం కొట్టుకుని వచ్చామనుకున్నాడు
కొట్టు కుర్రాడు.

నడినెత్తి దగ్గర మొదలు.
అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు,
వాటి చుట్టూ రెండు వేళ్లు,
ఒకటి ముందు, ఒకటి వెనక, మధ్యలో మెలి.
గడ్డి పరకని వేరు మీద పరిచి సగమే తిప్పాలి,
అప్పుడు ముగ్గు బయట పడుతుంది,
లోపల వేరు వేరులాగే ఉంటుంది.
కొసలన్నీ లోపలే మిగులుతాయి, ముళ్లలా.
"లోపల ఎవరు చూస్తారులే" అన్నాను.
"తల" అంది.

మార్చిలో నగరానికి వెళ్లాం, మ్యూజియానికి.
చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ.
ఇనప సొరుగులో, తెల్ల కాగితం మీద
అమ్మమ్మ టోపీ.
చీటీ మీద: అల్లినవారు తెలియదు.
పురుగు పట్టకుండా ఎప్పుడో ఆర్సెనిక్ చల్లారట.
పురుగు పట్టలేదు.
మనిషీ పెట్టుకోలేడు.

పిన్ని దాన్ని తాకలేదు.
వంగి, ముగ్గు వెంట వేలు గాలిలో నడిపించింది.
మూడో పంటి దగ్గర ఆగింది.
"ఇక్కడ ఒక మెలి తక్కువ. చూశావా?
ఇక్కడే లేచి వెళ్లింది. నేను ఏడ్చాను."
సొరుగు తెరిచిన అమ్మాయి మెల్లగా అడిగింది,
మీకెలా గుర్తుందండీ అని.
"గుర్తేమిటి? బతికినన్నాళ్లూ దెప్పిందమ్మా.
నీ ఏడుపు వల్ల రెండు డాలర్లు తగ్గించాడు అని.
మిగిలిన డబ్బుకి పిండీ, కిరసనాయిలూ వచ్చాయట."
ఆ అమ్మాయి చీటీ వైపు చూసింది.
పెన్సిలు వెతుక్కుంది.
పేరు చెప్పి, స్పెల్లింగు రెండుసార్లు చెప్పి
పిన్ని కారిడార్లోకి వెళ్లిపోయింది,
తొడుగులు విప్పకుండానే.

జూన్‌కి నా టోపీ అంచు కట్టాను.
గోళ్ల కత్తెరతో లోపలి కొసలన్నీ తీశాను,
రాత్రి రెండింటిదాకా.
పొద్దున్నే పెట్టుకుంటే గుచ్చుకుంది.
"ఎక్కడ?" అంది.
ఎడమ చెవి పైన చూపించాను.
వేలు పెట్టి తడిమింది,
కత్తెర తీసుకుంటుందనుకున్నాను.
బకెట్లో ముంచి, నీళ్లోడుతుండగానే
నా తల మీద అదిమింది.
"ఆరేదాకా తీయకు. అదీ నువ్వూ మాట్లాడుకోండి."

ట్రక్కు వెనక చెక్క మీద కూర్చున్నాను,
మెడ మీదుగా నీళ్లు,
తడి గడ్డి వాసన, కొంచెం పొగ వాసన.

ఏడో వరుసలో ఒక మెలి తప్పాను.
నా దగ్గర ఎవరూ ఏడవలేదు.
ఫోన్ మోగింది, అంతే.
పిన్నికి ఇంకా చెప్పలేదు.
ఆమె చూసేసింది.