మైనస్ ఏడు

పాత బస్టాండు కాడ కండ్లద్దాల అంగట్లో
పదకొండేండ్లుగా
వచ్చినోళ్ల చేత అక్షరాలు చదివిస్తాండా.
పై వరస నుంచి అడుగు వరస దాకా
నాకు నోటికొచ్చు. అందుకే
నా కండ్లను నేను పరీక్ష పెట్టుకోలేను.
కుడిది మైనస్ ఏడు. ఎడమది ఏడున్నర.

డాక్టరమ్మ చెప్పింది:
కార్నియా మందం బాగుంది, లేజరు చేయొచ్చు,
మిషన్లో ఒక చుక్క కనపడతాది, దాన్నే చూస్తా ఉండు,
అంతే.
అంతే అనేవాళ్లు ఎప్పుడూ
చుక్కకు అవతల నిలబడినోళ్లే.

మా ఓనరు ఖాజామొద్దీను
దినసరి లెన్సుల డబ్బా చేతిలో పెట్టినాడు.
ముప్పై జతలు, కొన్న ధరకే.
పొద్దున పెట్టుకో, రాత్రికి పారేయ్.
పారేయడమంటే మా ఇంట్లో పెద్ద మాట.
నూనె పాకెట్టును నిలువునా కత్తిరించి
లోపలంతా వేలితో తుడుచుకునే మాయమ్మ
చెత్తబుట్టలో నా రెండు చూపుల్ని చూసి
"ఇవి రేపటికి పనికిరావా?" అనడిగింది.

కాశింబి చిన్నమ్మది ఇంకో లెక్క.
తొలివాన పడితే చాలు
సద్దిమూట, గోనెపట్టా, తొలిక తీసుకుని
తుగ్గలి చేన్లల్లో వజ్రాలకు పోతాది.
ఇరవై వానాకాలాలు వంగితే
ఒకే ఒకసారి శనగబేడంత రాయి.
దళారి ఇచ్చిన దాంట్లో అప్పులు పోగా మిగిలింది
పోస్టాఫీసులో ఉంది.
"అదిస్తా, చేయించుకో.
సూపుకు దినామూ బాడిగ కట్టేదేందే?"

రసీదు పుస్తకం వెనక లెక్కలేసినా.
రెండేండ్ల లెన్సులూ, ఒక లేజరూ
దాదాపు సరిసమానం.
అంకెలు ఎప్పుడో తేల్చేసినాయి.
నేనే తేలల్యా.

ఎందుకంటే, ఎవరికీ చెప్పని మాట,
రాత్రి మిద్దె మీద అద్దాలు తీస్తే
కొండారెడ్డి బురుజు పక్క లైట్లన్నీ
విచ్చుకున్న చామంతులయితాయి.
హంద్రిలో మురికి కనపడదు.
పక్కింటి గోడ, గోడ మీది పగులు,
మిద్దె మెట్ల మీద కూర్చున్న నా వయసు,
అన్నీ మెత్తబడతాయి.
ఆ వెలుతురు నా చామంతుల్ని కూడా కాల్చేస్తాదా?
ఏ డాక్టరును అడగాల దీన్ని?

జూన్ నెల ఆదివారం
మొదటిసారి లెన్సులు పెట్టుకుని
చిన్నమ్మ వెంట పోయినా.
వాన వెలిసిన ఎర్రమట్టి.
నిలబడిన చోటు నుంచే
ఒక్కో గులకరాయికి ఒక్కో అంచు,
అంచు మీద చీమ, చీమకు నీడ.
నేల మీద ఇంత ఉందా!
ఏడుపొచ్చింది.
ఏడుపుకో, మట్టిచేత్తో నులుముకున్నందుకో
ఎడమ కంటిది జారిపోయింది.

మోకాళ్ల మీద పడి దేవులాడబట్నా.
పక్క సాల్లో ఆయన చూసినాడు.
ఆదోని నుంచి ఆటోలో వచ్చినోళ్లు చూసినారు.
రెప్పపాటులో నా చుట్టూ ఇరవై మంది
అరచేతుల్తో మట్టిని సవరదీస్తా,
"యా రంగు? ఎంతుంటాది?"
"నీటిబొట్టంత. రంగుండదు" అన్నా.
ఇంక ఎవరూ ఊపిరి తీయల్యా.

ఎండెక్కినాక దొరికింది, చిన్నమ్మకే.
వట్టిపోయి, ముడుచుకుని, చేప పొలుసు లెక్క.
అలవాటు కొద్దీ బుగ్గకు ఆనించుకుని
చల్లగుందేమో చూసింది.
"ఇదా!"
జనం నన్ను తిట్టుకుంటా చెదిరిపోయినారు.
ఒక ముసలాయన మాత్రం నమ్మల్యా,
మేం బస్సెక్కే దాకా
ఆ జానెడు చోటే తవ్వుతా ఉన్నాడు.

పత్తికొండ దాటినాక
ఒక్కో కన్నూ మూసి చూస్తా వచ్చినా.
కుడి కంటికి మైలురాళ్లు.
ఎడమ కంటికి ఎదురొచ్చే లారీల చామంతులు.
చిన్నమ్మ నా భుజం మీద నిద్రపోయింది.
ఆమె చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుంటే
గోళ్ల సందుల్లో ఎర్రమట్టి.
అద్దమూ లేదు, లెన్సూ లేదు,
అది మాత్రం ఎడమ కంటికే బాగా కనపడింది.

బుధవారం డాక్టరమ్మకు ఫోన్ చేసినా.
ఒక్క కంటికే చేస్తారా అని.
ఆమె నవ్వింది.
నేను నవ్వల్యా.