చుక్క

సెక్రటరీ గారికి రేపటికల్లా కావాలంట:
అత్యధిక పరుగులు, అత్యుత్తమ బౌలింగు,
మొదటి సెంచరీ ఎవరిది, చివరి వికెట్టు ఎవరిది.
కొత్త స్టాండుకు రంగులేస్తున్నారు,
యాభై ఏళ్ళ సావనీరు అచ్చుకు పోవాల.
నా ముందర ఒక కంప్యూటరు,
చెదలు తిన్నవి పోగా
పదకొండు స్కోరు పుస్తకాలు.

అన్నీ ఎర్రిస్వామి చేతిరాతే.
వారమంతా శెనక్కాయల మండీలో కాటా గుమాస్తా,
ఆదివారం ఇక్కడ స్కోరరు.
మూటల లెక్క రాసిన చెయ్యి గదా,
నాలుగు గీతలు నిలువు, ఒకటి అడ్డం,
పరుగుల్ని కూడా కట్టలు కట్టి పెట్టినాడు.

అప్పుడు స్కోరుబోర్డంటే తాడిపత్రి బండ,
ఆరడుగుల నల్లది, గోడకు ఆనించి.
సుద్దముక్కతో రాయడం, తడిగుడ్డతో తుడవడం.
కరువేళ్ళలో తడిగుడ్డకు తడి యాడిది?
అరచేత్తో తుడిచేవాళ్ళంట.
నూట నలభై కింద నూట ముప్పైతొమ్మిది
తెల్లగా కనపడతానే ఉండేదంట.

పుటల అంచుల్లో ఏమేమో రాసుకున్నాడు.
"బోరు ఎండింది. పిచ్‌కు ట్యాంకరు ముప్పై రూపాయలు, అప్పు."
"సుడిగాలి. ఒక బెయిలు దొరకలేదు."
"లాంగాన్ దగ్గర గొర్రెలు. ఆరు నిమిషాలు ఆట ఆగె."
"దాదాపీర్ కూతురికి జ్వరం. రోలరు నేనే లాగితి."
వీటికి నా కంప్యూటర్లో గడి లేదు.

పరుగు రాని బంతికి చుక్క పెడతారు,
అంతమాత్రం నాకూ తెలుసు.
కానీ ఆ మూడేళ్ళ పుటలు తిప్పితే
అన్నీ చుక్కలే.
బ్యాటు పట్టినోళ్ళకు సత్తువ లేకనో,
నెర్రెలిచ్చిన పిచ్ మీద బంతి ఎట్ల లేస్తాదో తెలీకనో
చుక్క, చుక్క, చుక్క,
పైనుంచి రాలనివన్నీ
ఎర్రిస్వామి కింద కూర్చుని
పెన్నుతో రాల్చుకున్నట్టు.

పరదేశం జట్టు వచ్చింది ఒక్కసారే.
ఆ పొద్దు మండీ మూసినారు.
జనం గోడల మీద, లారీల మీద, నీళ్ళ ట్యాంకు మీద.
అది ఎట్లా ఖాళీనే గదా అని
లోపలికి దిగి నీడన కూర్చున్నోళ్ళూ ఉన్నారంట,
కేకలు విని స్కోరు లెక్క కట్టుకుంటా.
మన జిల్లా పిల్లోడు ఓబుళపతి పన్నెండోవాడు,
రెండుసార్లు నీళ్ళు మోసినాడు.
రికార్డుల్లో ఆయన పేరు పక్కన
ఏ అంకే లేదు.

పద్దెనిమిదో ఓవరు నడుమ ఆట ఆగింది.
ఫలితం: తేలలేదు.
అని రాసి, కింద ఇంకో వరస గీసినాడు ఎర్రిస్వామి.
బ్యాట్స్‌మన్ గడిలో: వాన.
ఎట్లా అవుటు: నాటౌట్.
నిమిషాలు: నూట పది.
పరుగుల గడిలో ఏదో మొదలుపెట్టి కొట్టేసినాడు.

మ్యాచ్ రద్దని మైకులో చెప్తే
జనం లేచి నిలబడి చప్పట్లంట.
తననేమన్నా అంటున్నారేమో అని
పరదేశం కెప్టెన్ భయపడినాడంట.
టికెట్ డబ్బు వాపసడిగినోడు ఒక్కడే,
వాడు బళ్ళారోడు అని
దాదాపీర్ ఇప్పటికీ చెప్తాడు.

నాకొచ్చిన చిక్కల్లా ఆ ఆఖరి ఓవరుతోనే.
బౌలరు లెక్కలో బంతులు నాలుగు.
పుటలో చుక్కలు ఐదు.
రెండుసార్లు ఎక్కిస్తే రెండుసార్లూ
కంప్యూటరు ఎర్రగా తప్పు చూపించింది.
పుస్తకం కిటికీ కాడికి తీసుకుపోయి
వెలుతురులో పెట్టి చూసినా.

నాలుగు చుక్కలు నిబ్బు ఒత్తి పెట్టినవి,
వెనక పుటకు కూడా దిగినాయి.
ఐదోది కొంచెం పెద్దది.
గడి గీత సిరా దాని చుట్టూ జరిగి
నీలంగా అంచు కట్టింది.
నడుమ కాగితం కొంచెం ఉబ్బి ఉంది,
వేలు పెడితే తెలుస్తాది.
దాని మీద ఆయన పెన్ను పెట్టలేదు.
కొట్టేయనూ లేదు.

సెక్రటరీ గారు మళ్ళీ ఫోను చేసినారు,
ఇంకా యాడుంది పని అని.
ఒక్క చుక్క కాడ నిలబడింది సార్,
అన్నా.