ఆ రంగు

కల్వకుర్తి అంగడిల
ఎడ్ల సంత దాటినంక, ఎండుచాపల వాసన ఆగే కాడ
పట్టా పరిచి కుప్ప పోసిండు జహంగీరు.
బెల్టులు, సొట్టల నీళ్ల సీసాలు, జత లేని ఒంటి బూటు,
అన్నిటి మీద టోపీలు
బోర్లేసిన చిప్పల్లెక్క.
"అసలు మిలిట్రీ మాల్, సికింద్రాబాద్ ఏలంపాటల తెచ్చిన,
ఏదైనా నూటఇరవై."
ఎనభైకి తెగింది.
"టోపీ పెట్టినవ్ పో" అన్న.
"పెట్టుకునేది నువ్వే గద" అని నవ్విండు.

జిన్నింగు మిల్లుల రాత్రి కావలి నాకు.
నెత్తి మీద ఏదన్న ఉండాలె అన్నడు సూపర్‌వైజరు.
కట్టె ఆళ్లే ఇచ్చిండ్రు,
టోపీ మాత్రం నా జేబులకెల్లి.

లోపట తిప్పి చూస్తే
చెమట ఎండిన తెల్లటి గీత, చౌడు పొలం గట్టు లెక్క.
నల్ల సిరాతోటి ఒక నంబరు,
నడుమ రెండంకెలు చెరిగినయ్.
ఆయన నెత్తి నాదానికంటె పెద్దది.
పేపరు మడతబెట్టి లోపట దోపిన,
అండ్ల పల్లికాయ ధర, ఎవరిదో పెండ్లి ఫోటో.

పెట్టుకున్న మొదటి దినం
బడిపోరగాండ్లు సెల్యూట్ కొట్టిండ్రు.
చాయ్ హోటల్ల బాలకిష్టయ్య అడిగిండు,
"ఏ బార్డర్ల చేసినవన్నా?"
"పత్తి బార్డర్ల" అన్న.
కుక్కలు ఎప్పటిలెక్కనే మొరిగినయ్,
కుక్కలకు ర్యాంకు తెల్వది.

అవ్వ మాత్రం
చాటల బియ్యం చెరుగుతున్న చెయ్యి ఆపింది.
"తియ్యి" అన్నది.
ఇంకేం అనలే.

మాది నల్లమల అంచు ఊరు.
నాకు పదకొండేండ్లప్పుడు
మా చిన్నాయిన పర్వతాలు
ఇసొంటి రంగు అంగే కొనుక్కున్నడు,
మాపు కనవడదని. అంతే.
ఉప్పునుంతల కాడ బస్సు ఆపి దింపిండ్రు.
"ఈ బట్ట నీకెవరిచ్చిండ్రు?"
దుకాణపాయన పేరు చెప్పిండు.
"అది గాదు. ఎవరిచ్చిండ్రు?"
మూడొద్దులు అదే మాట.
ఇంటికొచ్చినప్పుడు ఒంటి మీద బనీను,
ఎడమ చెవుల ఎప్పటికీ ఆగని కీచురాయి.

పగటీలి వాళ్లు, రాత్రి వీళ్లు,
తొడిగిన రంగు ఒక్కటే.
ఎవరు తలుపు కొట్టిండ్రో
తెల్లారి బూట్ల అచ్చు చూసి గుసగుసగ చెప్పుకునేటోళ్లం.
ఆ యేడు అవ్వ
ఇంట్ల ఉన్న ఒక్క పచ్చ దుప్పటిని
మోదుగుపూలేసి కాగుల ఉడకబెట్టింది.
పసుపు గాలే, బురద రంగైంది.
"సాలు" అన్నది.

ఇప్పుడు ఆ రంగు కుప్పలల్ల దొరుకుతున్నది.
మేకలు కాసేటాయన పెట్టుకుంటడు,
బోరుబండి పోరగాండ్లు పెట్టుకుంటరు,
సీతాఫలాలమ్మే సాయిలు కొడుకు
వంకరగ పెట్టి ఫోన్ల ఫోటో దిగుతడు.
చిన్నాయిన ఉంటే ఏమనేటోడో.
చెవి గోక్కొని నవ్వేటోడేమో.

రాత్రి రెండు దాటినంక
పత్తి బేళ్ల నడుమ కూసుంటె
ఆ నంబరాయన యాదికొస్తడు.
ఏ మంచుకొండ ఎక్కిన చెమట ఇది,
లేకుంటె వంటశాల పొయ్యి కాడి చెమటా?
ఇప్పుడాయన గూడ ఏ బ్యాంకు ముందటనో
కాలిరిగిన కుర్చీల
ఇంకొకని టోపీ మొఖం మీదికి గుంజుకొని
కునుకుతున్నడేమో.

నిన్న రాత్రి శ్రీశైలం రోడ్డు దిక్కుకెల్లి
జీబు లైట్లు గేటు మీద పడ్డయ్.
నా చెయ్యి నన్నడగలే.
టోపీ తీసి ఈపు ఎనుక దాసింది.

పాల కేంద్రం జీబు.
డ్రైవరు దిగి అగ్గిపెట్టె అడిగిండు.
ఇచ్చిన.
"ఏందన్నా, గట్ల చెమటలు? గింత చలిల" అన్నడు.

ఆయన పొయినంక జూస్తె
లోపటి పేపరు జారి కింద పడ్డది,
పెండ్లిపిల్ల మొఖం మట్టిల.
దులిపి, మల్ల మడతబెట్టి, దోపి,
చెవులదాంక గుంజుకున్న.