పదకొండో నంబరు జత

భోలక్‌పూర్‌ల తోలు వాసనకు
కొత్తోళ్లు ముక్కు మూసుకుంటరు.
నాకైతే అది పొద్దు పొడిచిందన్న కబురు.

ఇయ్యాల దుకాణానికి ఓ పేపర్ పిలగాడు వచ్చిండు.
గడప దాటకుండనే అడిగిండు:
"మల్సూరన్నా, బాక్సింగ్‌ల రేపటి పెద్ద స్టార్ ఎవరంటవ్?
పట్నంల చినిగిన గ్లవ్స్ అన్నీ
నీ చేతి మీదికెల్లే పోతయంట గదా."

నేను ఒక్క పోటీ సూడలే బిడ్డా.
పేరు రింగట, ఉండేది చదరమట,
గది సుత మా ఇంటామె టీవీల సూసి చెప్పింది.
నాకు తెలిసింది చిరుగొక్కటే.
కూసో, గా డబ్బా మీద కూసో.

గీ ఎర్ర జత సూడు.
పిడికిలి ముందర గీత పడలే,
వెనక తోలేమో పొట్టు పొట్టు లేసింది.
అంటే కొట్టుడు తక్కువ, కాసుకునుడు ఎక్కువ.
తండ్రి ఏడాదికి మూడు జతలు కొంటడు.
పిలగాడు మంచోడే,
నమస్తే పెట్టకుండ పోడు.
స్టార్ గాడు.

గీ నల్లది ఫలక్‌నుమా సాబేర్‌ది.
కుడిది రెండు వేళ్ల మీద పగిలింది,
ఎడమది షాపులకెల్లి ఇప్పుడే తెచ్చినట్టున్నది.
ఎదుటోడు కనిపెట్టేదాంక గెలుస్తనే ఉంటడు.
ఎప్పుడు కనిపెడ్తరు?
గది తోలు చెప్పదు.

ఇగ గీ పదకొండు.
నా పద్దుల పేరు లేదు, నంబరే.
బియ్యం సంచిల ఏసుకొని ఓ బుడ్డోడు తెస్తడు,
పేరడిగితే "అక్కది" అంటడు,
చిల్లర లెక్కబెట్టి బల్ల మీద పరుస్తడు.
రెండు చేతులూ సమానం అరిగినయ్,
నాగలి కట్టిన ఎడ్ల లెక్క.
గది గాదు నేను సూపియ్యాలనుకున్నది.
గీ లేసు కొస సూడు.

ఒక చేతికి గ్లవ్ కట్టుకున్నంక
రెండోది కట్టుకునేటందుకు వేళ్లుండయ్.
కోచో, అన్నో, దోస్తో, ఎవరన్న కట్టాలె.
గీమెకు ఎవ్వరు దొరకనట్టున్నది.
పండ్లతోని గుంజుతది.
ప్రతిసారి కొస నలిగి, పేలికై, పీచై వస్తది.
నేను సుత దారం పండ్లతోనే తెంపుత బిడ్డా,
నలబై ఏండ్లాయె.
పంటి గాటు నాకు సంతకం అసుంటిది.

పేపర్ పిలగాడు ఫోను సూసుకున్నడు.
"సాబేర్ అని రాస్తనే అన్నా,
సెలెక్టర్లు సుత అదే అంటున్నరు."
రాసుకో. పేపర్‌కు పేరు గావాలె.
పదకొండుకు పేరు లేదు.
చాయ్ తాగిండు, నా ఫోటో ఒకటి తీసిండు,
ఫోటోల ఆరె బయటికి, నా మొకం నీడల.
పోయిండు.

పొద్దుగూకింది.
బల్బు కిందికి గుంజుకొని
గా కొసను మళ్ల సూసిన.
పోయిన నెల గాట్లు వరుసగ ఉండె,
దువ్వెన పండ్ల లెక్క.
గీ నెల కుడి పక్కన నడుమ ఓ సందు.
గా సందుల లేసు నలగలే,
తెల్లగ, కొత్తగ ఉన్నది.

ఎక్కడ పోయిందో గా పన్ను.
పోటీలనో, ఇంట్లనో, బస్సు మెట్టు మీదనో.
చిరుగు సూసి చేతిని చెప్తగని
పోయిన పన్ను సంగతి నేనేం చెప్త?
సందు పడ్డంక సుత గుంజింది గదా,
గంత మట్టుకు తెలుస్తున్నది.
గుంజి, కట్టుకొని, దిగింది.

నీళ్లు తాకొద్దని లేసులకు మైనం పట్టిస్త ఎప్పుడు.
గీ కొసకు పట్టియ్యలే,
నోట్లె చేదైతదని.
ఉత్త నూలు లేసు తీసి
రెండుసార్లు కడిగి, ఆరేసి,
కొసన ఓ ముడి ఏసిన.
పండ్లకు పట్టు దొరికేటట్టు,
ఎడమ పక్కకు.

చీటీ మీద డెబ్బై అని రాసిన.
కొట్టేసి నలబై రాసిన.
ఊకె చేస్తే
గా బుడ్డోడు తీసుకపోడు.