చేబదులు

కాశీబుగ్గలో జీడిగింజలు కోస్తంటే
మీట జారి
సూపుడేలి కొస ఎగిరిపోనాది.
లోపల ఎముక,
పొట్టు తీసిన పప్పంత తెల్లగా.

సికాకుళం పెద్దాసుపత్రిలో
కుర్ర డాక్టరమ్మ కాయితం మీద బొమ్మేసి సెప్పినాది:
కురసగా కోసీస్తే బేగి పన్లోకెల్లొచ్చు,
గజ్జల తోలైతే సెయ్యి నడుంకి కట్టుకుని పడుకోవాల,
లేదంటే
పక్కేలుని అడిగి సూద్దాం.

కోసీమను, అన్నాడు ఫోన్లో
మేస్త్రి దాలినాయుడు.

నడిమేలు ఏటీ అన్లేదు.
ఈపు మీది తోలు తలుపులా తెరిసి
పక్కదాని మీదకి వాల్సింది.
రెండిటినీ కలిపి కుట్టీసినారు.
ఇరవై రోజులు
ఒక దుప్పట్లో రెండేల్లు.
నా జడ గవరమ్మ అల్లీది,
తన కూలి పూట మానీసి.

ఇడదీసినాక సూస్తే
నడిమేలి ఈపున తొడ తోలు అతుకు,
సూపుడేలి కొసన మెత్తటి కొత్త తోలు,
దాని మీద
ఎక్కడిదో ఒక్క ఎంటిక.

రేషను డిపోలో మిషను
నన్నెరగనన్నాది. గీతల్లేవంట.
జీడి సొన తాగీసిన తొమ్మిదిటికి మాత్రం
ఏటున్నాయి గీతలు?

మంచు దిగితే
ముందు ఆ ఏలే జిల్లుమంటాది.
మిగతావి దాన్ని నడిమిన పెట్టుకుని
ముడుసుకుంటాయి.