గడ్డపార

చందంపేట కంచెల సర్కారు తుమ్మ తవ్వుతున్నం,
కేస్లీ, నేను.
పైపైన నరికితే నవ్వుతది ఇది,
రెండు వానలకే గుంపై లేస్తది.
మొదలు కింద జానెడు దిగాలె గడ్డపార.

తిట్టబోయి ఆగిన.
కరువేడు దీన్ని కాల్చిన బొగ్గే
మా పోరని హాస్టలు ఫీజు.
దీని కాయ మెక్కిన నా మేకలే
గుట్టంత ఇత్తులు సల్లుకుంట పొయినయి,
కర్ర పట్టుకొని ఎనుక నడిచింది ఎవరు?

"ఆగు" అన్నది కేస్లీ.
కంప నడుమ, ఎండ తగలని కాడ
మోరిపండ్ల మొక్క ఒకటి.
బొటనవేలంత లావు,
వయసు సూస్తే నా పెండ్లినాటిది,
పెరగక, సావక.

గడ్డపార పక్కన వెట్టి
చేతులతోని మన్ను తీసినం.
పొద్దుగూకినంక కేస్లీ
తన రైక అద్దం ఒకటి దెంపి
దారంతోని దాని కొమ్మకు కట్టింది,
రేపొచ్చే కూలోళ్ల గొడ్డలికి కండ్లు లేవని.